పెద్దలకు చదువు చెప్పే టీచరు కావడం ఎలా?

పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడానికి బీఈడీ అక్కర్లేదు. చదవడం, రాయడం వచ్చి, రాత్రిపూట ఓ గంట తీరిక ఉంటే చాలు. తర్ఫీదు మాత్రం తప్పనిసరి. అది లేకుండా ఉత్సాహంగా మొదలుపెట్టిన తరగతులు మా ఆదోని వైపు పల్లెల్లో పక్షం తిరక్కుండానే మూతపడటం చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగింది. నేర్చుకునేవాళ్లకు కరువు లేదు, కరువంతా నేర్పడం తెలిసినవాళ్లకే.

ముందు పేరు నమోదు. కేంద్రం 2022 నుంచి 2027 వరకు నడుపుతున్న ఉల్లాస్ కార్యక్రమంలో 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యులకు వాలంటీర్లు చదువు చెబుతారు. జీతం ఉండదు, ఆ ముక్క ఇంట్లో ముందే చెప్పేయండి. ఉల్లాస్ యాప్‌లో వాలంటీరు టీచరుగా పేరు నమోదు చేసుకోవచ్చు. చేతకాకపోతే ఊరి బడి హెడ్మాస్టరును అడగండి.

సామాను: నల్లబోర్డు, సుద్దముక్కలు, మనిషికో పలక, మంచి వెలుతురిచ్చే బల్బు. మొదటి నెల నోటుపుస్తకం వద్దు. పలక మీది తప్పు చేత్తో తుడిస్తే పోతుంది, పుస్తకంలో కొట్టివేత ఇంట్లో మనవళ్ల కంట కూడా పడుతుంది.

తరగతికి పది మందిని మించి తీసుకోవద్దు. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (కూలి వలసకు) పోయే ఊళ్లలో సంక్రాంతికి తరగతి పెడితే ఖాళీ అరుగుకు పాఠం చెప్పుకోవాలి. జనం తిరిగొచ్చాక, ఉగాది దాటాక మొదలుపెట్టండి.

ఇక మీ తర్ఫీదు. ఎక్కడైనా తరగతి నడుస్తుంటే వారం రోజులు వెనక కూర్చుని చూడండి. బోర్డును కాదు, నేర్చుకునేవాళ్ల చేతులను చూడండి. ఇంటికొచ్చి ఎడమచేత్తో పలక మీద మీ పేరు రాయండి. వేళ్లు బిగుసుకుపోతాయి, గీత వంకర పోతుంది, పక్కన ఎవరైనా చూస్తుంటే చిరాకు పుడుతుంది. కొడవలి పట్టిన చేతికి బలపం ఇస్తే ఎలా ఉంటుందో ఏ శిక్షణ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

అసలు చిక్కు మొదటి పాఠంలో ఉంది. ఇక్కడే నూటికి తొంభై మంది బోల్తా కొడతారు.

బోర్డు మీద అ, ఆ అని మొదలుపెట్టకండి. ఓనమాలు చిన్నపిల్లలకు సరే, వాళ్లకు కావలసినంత కాలం ఉంది. పొద్దంతా కలుపు తీసి వచ్చిన అక్కకు యాభైకి పైగా అక్షరాలు వరసపెట్టి చూపిస్తే, చదవగలిగిన మాట ఒక్కటీ దొరక్కముందే విసిగిపోతుంది. సంతకంతోనూ మొదలుపెట్టకండి. సంతకాన్ని బొమ్మలా గీయడం నేర్చుకుని, పొదుపు సంఘం మీటింగులో అది పెట్టేసి, చదువు అయిపోయిందనుకుని మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మాటతో మొదలుపెట్టండి. నేనైతే ఉపాధి పనిలో పట్టే పార తీసుకుంటాను. బోర్డు మీద ‘పార’ అని పెద్దగా రాసి, పార గురించి పది నిమిషాలు మాట్లాడనిస్తాను. ఆ తర్వాతే పా, ర అని విడదీస్తాను. మరుసటి రోజు త కలుపుతాను. ఆ మూడక్షరాలతోనే తాత, రాత, పాత వస్తాయి. చివర్లో ‘పాతర’ రాస్తే ముసలవ్వలు జొన్నల పాతర కథలు ఎత్తుకుంటారు. ఎత్తుకోనివ్వండి. పాఠం బతుకులోంచి వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చూపించారు: 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో పుట్టిన చర్చే సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రాన్ని కదిలించింది. ఫోన్లో వీడియో పెట్టి వదిలేసేవాళ్లకు ఇది ఎప్పటికి అర్థమవుతుందో!

ప నేర్పిన వారంలో వ జోలికి పోవద్దు. ప మీద తలకట్టు విడిగా ఉంటుంది, వ కు అంటుకుని ఉంటుంది. కొత్త కంటికి రెండూ ఒకటే. ఎవరైనా ‘పార’ను ‘వార’ అని చదివితే తప్పు అనకండి, నవ్వకండి, పక్కవాళ్లను అందివ్వనివ్వకండి. ఆ అక్షరం మీద వేలు పెట్టించి కాసేపు ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మీకు భారంగా ఉంటుంది. అయినా భరించండి. మీరు నోరు తెరిచి జవాబు చెప్పారంటే ఆమె మరి ఊహించి చదవడం మానేస్తుంది, మీ నోటివైపే చూస్తుంది.

పిలుపు కూడా పాఠమే. అక్కా, అవ్వా, చిన్నాయనా అని వరస పెట్టి పిలవండి. ఏమ్మా చదువు, లే నిలబడు అని బడిపిల్లల్లా గద్దిస్తే మర్నాడు రారు. చెయ్యి పట్టి రాయించడం అసలే వద్దు, ముఖ్యంగా మగ టీచర్లు. పలక మీద చుక్కలు పెట్టి ఇవ్వండి, వాళ్లే కలుపుతారు.

నలభై దాటినవాళ్లు పలకను దూరంగా పట్టుకుని చూస్తుంటే అది బుద్ధిమాంద్యం కాదు, చత్వారం. ముందు కళ్లజోడు ఇప్పించి ఆ తర్వాత అక్షరం చెప్పండి.

లెక్కల గురించి బెంగ వద్దు. కూలి లెక్క మీకంటే వాళ్లే గబుక్కున కడతారు. అంకెలు రాయడం, గుర్తుపట్టడం నేర్పితే చాలు.

చివర్లో పరీక్ష ఉంటుంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. పాసైనవాళ్లకు ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) సర్టిఫికెట్ వస్తుంది. పరీక్ష అనే మాటకే టెన్షన్ పడి ఆ రోజు పొలానికి వెళ్లిపోయేవాళ్లుంటారు. ముందురోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి టైము, గది ఎక్కడో చెప్పి, కళ్లజోడు మరవొద్దని గుర్తుచేసి రండి.