మత్తు డాక్టరుగా అమెరికా వెళ్ళాలంటే వీసా లెక్క ముందే వేసుకోండి

"ముందు మ్యాచ్ అవనీ అన్నా, వీసా సంగతి తరవాత చూసుకుందాం." కాకినాడ నుంచీ అమలాపురం నుంచీ ఫోన్ చేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ దాదాపు అందరూ అనే మాట ఇది. తప్పండి. మ్యాచ్ అంటే అక్కడి ఆసుపత్రిలో రెసిడెన్సీ, అంటే స్పెషలిస్టు ట్రైనింగ్ సీటు, ఖరారవడం. అనస్థీషియాకి వెళ్ళేవాళ్ళకి వీసా లెక్క మ్యాచ్ కంటే ముందే తేలాలి. ఏ ప్రోగ్రాములకి అప్లై చెయ్యాలి, అమెరికా లైసెన్సు పరీక్షల్లో ఆఖరిదైన స్టెప్ 3 ఎప్పుడు రాయాలి, పెళ్ళయితే ఇంట్లోవాళ్ళు అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చా, నైట్ డ్యూటీలు అదనంగా చేసి అప్పు తీర్చుకోవచ్చా, ఇవన్నీ దానిమీదే ఆధారపడి ఉంటాయి.

ముందు ఒక భ్రమ తీసెయ్యాలి. ఇక్కడ ఎండీ అనస్థీషియా చేసి పదేళ్ళు ఓటీలో మత్తు ఇచ్చినవాళ్ళయినా అక్కడ మామూలుగా మళ్ళీ రెసిడెన్సీ చెయ్యాల్సిందే. యూనివర్సిటీ ఆసుపత్రిలో నేరుగా ఫ్యాకల్టీగా చేరి నాలుగేళ్ళు పనిచేసి బోర్డు పరీక్షకి వెళ్ళే దారి ఒకటుంది గానీ అది అప్పటికే రీసెర్చిలో పేరున్నవాళ్ళకి. మిగతా మనందరికీ నాలుగేళ్ళే: మెడిసిన్, సర్జరీ, ఐసీయూ తిరిగే బేస్ ఇయర్ ఒకటి, ఆపైన మూడేళ్ళ అనస్థీషియా. కేటగారికల్ సీటు అయితే నాలుగేళ్ళూ దాంట్లోనే అయిపోతాయి. అడ్వాన్స్‌డ్ సీటు అయితే మొదటి ఏడాదికి ఇంకో సీటు వెతుక్కోవాలి. అంటే చాలాసార్లు రెండు ఆసుపత్రులు, రెండు కాంట్రాక్టులు, వీసా కాగితాలు కూడా రెండుసార్లు, పైగా మొదటి ఏడాది ఇచ్చేవాళ్ళు వీసాకి ఒప్పుకోకపోతే రెండోవాళ్ళు ఒప్పుకున్నా లాభం లేదు. వీలైనంతవరకూ కేటగారికల్‌కే మొగ్గండి.

రెండోది ఇంటిపేరు. నవ్వకండి, నాకు నాలుగు నెలలు తినేసింది ఇది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఎంబీబీఎస్ సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంది, పాస్‌పోర్ట్ చేయించినాయన సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో కుక్కేశాడు. పాస్‌పోర్ట్‌లో పేరు ఒక గడిలోనే ఉంటే అమెరికా వీసా మీద ఆ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, పడుతుంది. ముందు పాస్‌పోర్ట్ సరిచేయించి, ఆ పేరుతోనే ఈసీఎఫ్ఎంజీలో, అంటే బయటి దేశాల్లో చదివిన డాక్టర్లకి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థలో, రిజిస్టర్ అవ్వండి. ఇంకోటి, మన హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్‌కి మారింది కదా, మీ మార్కుల మెమోలు ఒక పేరుతో, డిగ్రీ ఇంకో పేరుతో ఉంటే రెండూ ఒకటేనని చెప్పే కాగితం కాలేజీ నుంచి తీసి పెట్టుకోండి.

ఇక వీసాలు. మనవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది జె-1 అనే ఎక్స్‌చేంజ్ విజిటర్ వీసా మీద. దీనికి స్పాన్సర్ ఆసుపత్రి కాదు, ఈసీఎఫ్ఎంజీ. స్టెప్ 1, స్టెప్ 2 సీకే, ఇంగ్లీషు కోసం ఓఈటీ, క్లినికల్ నైపుణ్యం ఉందని చూపించే పాత్‌వేస్ అయిపోయి సర్టిఫికెట్ వస్తే చాలు, స్టెప్ 3 అక్కర్లేదు. గరిష్ఠంగా ఏడేళ్ళు, కాబట్టి నాలుగేళ్ళ రెసిడెన్సీ, ఏడాది కార్డియాక్ లేదా పెయిన్ ఫెలోషిప్ హాయిగా పడతాయి. భార్యకో భర్తకో జె-2 మీద వర్క్ పర్మిట్ అడగొచ్చు. బాగుంది కదా? రెండు మెలికలున్నాయి. ఒకటి, మూన్‌లైటింగ్ కుదరదు. అనస్థీషియా రెసిడెంట్లు అదనపు షిఫ్టులు చేసి బాగానే సంపాదిస్తారు, పక్కనున్నవాడు చేస్తుంటే మీరు చూస్తూ కూర్చోవాలి. రెండోది అసలుది: ట్రైనింగ్ అయ్యాక రెండేళ్ళు మన దేశం వచ్చి ఉండాలి, లేదా ఆ షరతు మాఫీ చేసే వెయివర్ తెచ్చుకోవాలి. ఆ రెండిట్లో ఒకటి జరిగేదాకా హెచ్-1బీ లేదు, గ్రీన్ కార్డూ లేదు. మామూలు జె-1 వాళ్ళలా ఇండియా ప్రభుత్వం నుంచి అభ్యంతరం లేదని లెటర్ తెచ్చేస్తానంటే రెసిడెన్సీకి వెళ్ళిన డాక్టర్లకి అది చెల్లదు.

హెచ్-1బీకి ఆ రెండేళ్ళ గొడవ లేదు. కానీ స్టెప్ 3 పాసై ఉండాలి, అది అమెరికాలోనే రాయాలి, అంటే విజిటర్ వీసా, టికెట్టు, హోటలు. మ్యాచ్ కోసం ప్రోగ్రాములు ర్యాంక్ లిస్టు పెట్టేలోపు రిజల్టు చేతిలో లేకపోతే హెచ్-1బీ ఇచ్చే ప్రోగ్రాములు మిమ్మల్ని పక్కన పెట్టేస్తాయి. మొత్తం ఆరేళ్ళే, అయినా మన లెక్కకి సరిపోతుంది. మూన్‌లైటింగ్ వేరే ఆసుపత్రిలో చెయ్యాలంటే ఆ ఆసుపత్రి వేరే పిటిషన్ వెయ్యాలి. హెచ్-4 మీద ఇంట్లోవాళ్ళకి మొదట్లో పని అనుమతి ఉండదు. వీటన్నిటికీ మించి, 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఏడాదికని పెట్టారు, మినహాయింపులకీ దారి ఉంచారు, కాబట్టి ఇంటర్వ్యూ వస్తే కోఆర్డినేటర్‌ని మొహమాటం లేకుండా అడగండి: "మీరు ఈ ఏడు హెచ్-1బీ వేస్తున్నారా?" వెబ్‌సైట్‌లో రాసింది పాతదై ఉండొచ్చు. నా మట్టుకు నేను, గోదావరి నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళకి ఇప్పుడు జె-1కే ఓటేస్తాను.

ఇప్పటికే గ్రీన్ కార్డో, భర్త లేదా భార్య వల్ల వచ్చిన వర్క్ పర్మిట్టో ఉంటే పై గొడవలేవీ లేవు. దాని గడువు ఎప్పుడో చూసుకుని రెన్యువల్ ముందే వేసుకోండి, అంతే.

మార్చి మూడో వారంలో మ్యాచ్, జూలై 1న డ్యూటీ. మధ్యలో మూడున్నర నెలలు, అందులో మన చేతిలో లేనివే ఎక్కువ. జె-1 అయితే ప్రోగ్రాంలో ట్రైనింగ్ లయజాన్ అనే మనిషి మీ అప్లికేషన్ మొదలుపెట్టాలి, మీరు కాంట్రాక్టూ, ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే 'స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్', అంటే ఆ స్పెషాలిటీ డాక్టర్లు మన దేశానికి కావాలని చెప్పే లెటర్, జతచెయ్యాలి. ఆ లెటర్‌లో మీ స్పెషాలిటీ పేరు సరిగ్గా పడిందో లేదో పదిసార్లు చూడండి. మ్యాచ్ అయిన వారంలోనే దానికి అప్లై చెయ్యండి, అన్నిటికంటే ఆలస్యమయ్యేది అదే. తరవాత జె-1కి మీరు అర్హులని చూపే డీఎస్-2019 ఫారం వస్తుంది, 220 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 నింపి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కి స్లాట్ పట్టాలి. 2025 జూన్ నుంచి జె వీసాకి సోషల్ మీడియా అకౌంట్లన్నీ పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. మీ ప్రొఫైల్ ఓసారి మీరే చదువుకోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటారు గానీ ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే దిగే సాహసం వద్దు, ఒకరోజు ముందే వెళ్ళండి.

డీఎస్-2019లో ఉన్న తేదీకి ముప్ఫై రోజుల ముందు దేశంలోకి వెళ్ళొచ్చు, కానీ ఆ తేదీకి ముందు పని మొదలుపెట్టకూడదు. దిగగానే ఐ-94, అంటే మీరు దేశంలోకి వచ్చిన రికార్డు, ఆన్‌లైన్‌లో తీసి పేరూ వీసా రకమూ సరిపోయాయో చూడండి, హెచ్‌ఆర్‌లో పనిచేసే అర్హత చూసే ఐ-9 ఫారానికి అది కావాలి. వీసా ఉన్నంత మాత్రాన పేషెంటుని ముట్టుకోవడానికి కుదరదు, ఆ రాష్ట్రం ఇచ్చే ట్రైనింగ్ లైసెన్సు వేరే.

వెయివర్ గురించి నాలుగు ముక్కలు. కాన్రాడ్ అనే వెయివర్ పథకం కింద ప్రతి రాష్ట్రానికీ ఏడాదికి 30 సీట్లు, డాక్టర్లు చాలని చోట మూడేళ్ళు పనిచెయ్యాలి. చాలా రాష్ట్రాలు ప్రైమరీ కేర్‌కే ముందు పీట వేస్తాయి, పల్లె ఆసుపత్రుల్లో మత్తు ఎక్కువగా నర్స్ అనస్థటిస్టులే ఇస్తారు, అందుకని మనకి ఉద్యోగాలు దొరకడం కాస్త కష్టం. అక్టోబర్ 1న కొత్త కోటా తెరుచుకుంటుంది, కాబట్టి ఆఖరి ఏడాది మొదలయ్యేసరికే ఉద్యోగం వేట మొదలవ్వాలి. ఇది కాక మిసిసిపీ డెల్టా చుట్టూ ఎనిమిది రాష్ట్రాలకి డెల్టా రీజినల్ అథారిటీ వాళ్ళ వెయివర్ ఉంది, అది స్పెషలిస్టులకీ ఇస్తారు. ఆయ్, డెల్టానే అండి. అందులో ఉన్న ఆర్కాన్సాలో అమెరికాలోకెల్లా ఎక్కువ వరి పండుతుంది, కొబ్బరి చెట్లే ఉండవు.