స్తూపానికి చోటు ఎలా ఎంచుకోవాలి?

చాలామంది ముందు స్తూపం నమూనా గీయించుకుని, ఆ తర్వాత స్థలం వెతుకుతారు. ముందు చోటు చూడండి. ఎలా చూడాలో మన ఆంధ్రదేశపు బౌద్ధ క్షేత్రాలే నేర్పుతాయి.

మొదట ఊరికి ఎంత దూరమో చూడండి. బుద్ధుడికి వేణువనం ఇచ్చేటప్పుడు మగధ రాజు బింబిసారుడు ఆలోచించింది ఇదే: ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు, రాకపోకలకు వీలుండాలి, రాత్రిళ్లు గోల ఉండకూడదు. శ్రీకాకుళం జిల్లాలోని బౌద్ధ క్షేత్రం సాలిహుండం అలాంటిదే. వంశధార ఒడ్డున కొండ, చేరువలోనే కళింగపట్నం రేవు.

తర్వాత నీళ్లు. నా దృష్టిలో శుభలక్షణాల్లో మొదటిది ఇదే. విశాఖ దగ్గర తొట్లకొండ ఎక్కితే ఎదురుగా అంతా సముద్రమే, తాగడానికి మాత్రం పనికిరాదు. అందుకే భిక్షువులు రాతిని తొట్లుగా తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. కొండకు ఆ పేరు వచ్చిందే వాటివల్ల. ఆ దగ్గర్లోని బావికొండ పేరు కూడా నీళ్ల పేరే. కాబట్టి స్థలాన్ని రెండుసార్లు చూడండి. జోరువానలో వెళ్తే నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నేలను కోస్తుందో తెలుస్తుంది. మే నెలలో వెళ్తే ఎక్కడ మిగులుతుందో తెలుస్తుంది.

నేలమీద ఎవరు బతుకుతున్నారో చూడండి. భిక్షువు కుటీరం కట్టుకునే చోట చీమలు, చెదలు, పాముల నివాసం ఉండకూడదని, చుట్టూ ఎద్దులబండి తిరిగేంత జాగా ఉండాలని వినయంలో, అంటే భిక్షువుల నియమావళిలో, నియమం. స్తూపానికీ ఇదే వర్తింపజేయండి. పుట్ట ఉంటే తవ్వించకండి, మీరే పక్కకు జరగండి.

మూరెడు లోతు గుంట తవ్వి, తీసిన మట్టితోనే పూడ్చండి. మట్టి మిగిలితే గట్టి నేల అని, చాలకపోతే గుల్ల నేల అని మన వాస్తు పద్ధతి. ఆపైన ఇంజనీరు చేత మట్టి పరీక్ష తప్పనిసరి.

పాత కట్టడాలు దగ్గర్లో ఉంటే చట్టం చూసుకోండి. కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి.

చివరగా, అనుకున్న చోట నడిమధ్యన మేకు పాతి, తాడు కట్టి, ముగ్గుతో స్తూపమంత వలయం గీయండి. తెల్లవారుజామున ఒక ముసలావిడను వెంటబెట్టుకుని, వలయాన్ని కుడివైపు ఉంచుకుని మూడుసార్లు తిరగండి. ఆవిడ ఎక్కడైనా తడబడి చెయ్యి పట్టుకుంటే, మేకు పీకి ఇంకాస్త చదునైన చోట పాతండి.