జననాంగ సౌందర్య శస్త్రచికిత్స: ముందూ తరువాతా మనసును చూసుకోవడం ఎలా?

యోని పెదవుల ఆకృతిని మార్చే లేబియాప్లాస్టీ ఆపరేషన్ చేయించుకోవాలనుకునే స్త్రీ ఖర్చు, డాక్టరు, సెలవులు లెక్క చూసుకునే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: తన శరీరం మీద ఈ అసంతృప్తి ఎప్పుడు, ఎవరి మాటతో మొదలైంది? నడిచేటప్పుడు ఒరుసుకుని పుండ్లు పడడం, కలయికలో నొప్పి వంటివి ఉంటే అది వైద్య సమస్య, గైనకాలజిస్టుకు చూపించుకోవాలి. కాన్పు తరువాత వదులుగా అనిపిస్తే కటి కండరాల వ్యాయామాలతో మొదలుపెట్టడం మేలు. ఈ రెండూ కాక, చూడడానికి బాగాలేదన్న బాధే మిగిలితే దానిని తొందరపడక పరిశీలించాలి.

యోని లోపలి పెదవులు ఎంత ఉండాలన్న దానికి కొలబద్ద లేదు. లండన్‌లో 50 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పెదవుల వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల వరకు కనిపించింది. ఆ పెదవులను తగ్గించమని వచ్చిన 33 మందిని పరిశీలించిన 2011 నాటి మరో అధ్యయనంలో అందరి కొలతలూ సాధారణ పరిధిలోనే ఉన్నాయి. ఫోన్‌లో చూసిన, మెరుగులు దిద్దిన బొమ్మలతోనో, భర్త నోరుజారి అన్న మాటతోనో పోల్చుకుని తమను తాము తక్కువ చేసుకునేవారు ఈ అంకెలను ఒకసారి మనసులో పెట్టుకోవాలి. భర్త మాటే కారణమైతే మారవలసింది ఆ మాటే తప్ప శరీరం కాదని నా అభిప్రాయం.

రోజూ పదే పదే అద్దంలో చూసుకోవడం, బాగానే ఉందని డాక్టరు చెప్పినా గంటలోనే మళ్లీ అనుమానం రావడం, ఆ ఆలోచనతో పెళ్లినో కలయికనో వాయిదా వేయడం బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (లేని లోపాన్నో, చిన్న లోపాన్నో పెద్దదిగా ఊహించుకుని బాధపడే మానసిక రుగ్మత) లక్షణాలు కావచ్చు. ఈ రుగ్మత ఉన్నవారికి శస్త్రచికిత్సతో బాధ తీరడం అరుదు. అది మరో అవయవం మీదికి మళ్లవచ్చు కూడా. అందుకే అమెరికా ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో ఆపరేషన్‌కు ముందు, అవసరమనిపిస్తే ఈ రుగ్మత ఉందేమో పరిశీలించమని డాక్టర్లకు చెప్పింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో గైనిక్ విభాగంతో పాటు మానసిక వైద్య విభాగమూ ఉంది. ఓపీ చీటీ రాయించేటప్పుడు సంగతంతా కిటికీ దగ్గర చెప్పనక్కరలేదు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ల చెవులు మీ నోటి దగ్గరే ఉంటాయి కనుక ‘ఆడవాళ్ల సమస్య’ అంటే చాలు. లోపలికి వెళ్లాక, వెంట వచ్చిన అత్తనో అక్కనో కాసేపు బయట కూర్చోమనమని డాక్టరునే అడగండి. అంత దూరం రాలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సర్జన్‌ను మచ్చ గురించి, స్పర్శ తగ్గడం గురించి, కలయికలో నొప్పి మిగిలే అవకాశం గురించి సూటిగా అడగాలి. చేయించుకున్నవారిలో ఎక్కువమంది ఆకృతి విషయంలో తృప్తిగానే ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి కానీ, వాటిలో చాలా వాటిని కొద్దిమంది మీద, కొద్దికాలమే చేశారు. ఆకృతి నచ్చినంత మాత్రాన దాంపత్యం చక్కబడుతుందని అనుకోకూడదు. లేజర్‌తో యోనికి ‘యవ్వనం’ తెస్తామనే ప్రకటనల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. పెళ్లికి ముందు కన్నెపొర కుట్టించుకొమ్మని ఇంట్లోవాళ్లు ఒత్తిడి చేస్తే అది సౌందర్యం మాట కాదు, బలవంతం. ఎదుగుదల పూర్తికాని, పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి అందం కోసం లేబియాప్లాస్టీ చేయించకూడదు.

చేయించుకున్న తరువాత మొదటి వారాల్లో వాపు, కుట్ల మంట చూసి ‘ఎందుకు చేయించుకున్నానా’ అని ఏడుపు రావడం సహజమే. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది కనుక రోజూ అద్దం పట్టుకుని తీర్పు చెప్పుకోవద్దు. సాధారణంగా ఆరు వారాల వరకు కలయిక వద్దంటారు. ఆ మాటను డాక్టరు చేతే భర్తకు చెప్పిస్తే ఇంట్లో వాదన ఉండదు. వారాలు గడిచినా దిగులు, నిద్రలేమి, తాకితేనే భయం తగ్గకపోతే కుట్లు వేసిన డాక్టరుతో పాటు మానసిక వైద్యుణ్ణీ కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ క్షణమే 14416కు ఫోన్ చేయాలి, దగ్గరివారిని పక్కనే ఉండమనాలి.