తెలుగు ఫాంట్‌లో హీబ్రూ కలుపుకోవడం ఎలా?

నేను బైబిల్ వ్యాఖ్యాన పుస్తకాలకు డీటీపీ చేస్తాను. తెలుగు వాక్యం మధ్యలో హీబ్రూ మాటలు తరచూ వస్తుంటాయి. నేను వాడే లిబ్రెఆఫీస్‌లో తెలుగూ హీబ్రూ రెండూ కాంప్లెక్స్ లిపులు (సీటీఎల్) అనే ఒకే వర్గం కిందికి వస్తాయి, ఒక స్టైల్‌లో వాటికి ఒక్క ఫాంటే ఇవ్వగలం. తెలుగు ఫాంట్ ఇస్తే హీబ్రూకి సిస్టమ్ తనకు తోచిన ఫాంట్ తెచ్చి పెడుతుంది. అందుకే రెండూ కలిపి ఒకే ఫాంట్ చేసుకుంటాను.

నోటో సెరిఫ్ తెలుగు, నోటో సెరిఫ్ హీబ్రూ తీసుకోండి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వే కాబట్టి కలుపుకోవచ్చు. కలిపినదానికి మాత్రం కొత్త పేరు పెట్టండి. వేరియబుల్ ఫైళ్లు (అన్ని మందాలూ ఒకే ఫైల్‌లో ఉండేవి) వద్దు, స్టాటిక్‌వి (ఒక్కో మందానికి ఒక్కో ఫైల్) తెచ్చుకోండి.

మీ దగ్గర వేరే హీబ్రూ ఫాంట్ ఉంటే ముందు అది యూనికోడేనా, అంటే ప్రతి అక్షరమూ దాని సొంత కోడ్ స్థానంలోనే ఉందా అని చూడండి. పాతవి కొన్ని మన అను ఫాంట్ల లాంటివే: ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో హీబ్రూ బొమ్మలుంటాయి. అలాంటిదాన్ని ఓటీఎఫ్ నుంచి టీటీఎఫ్‌కి (రెండూ ఫాంట్ ఫైల్ రకాలు) మార్చినా యూనికోడ్ అయిపోదు.

యూనికోడ్ ఓటీఎఫ్ అయితే ఫాంట్లు దిద్దే ఫాంట్‌ఫోర్జ్ ప్రోగ్రామ్‌లో తెరిచి, ఫాంట్ ఇన్ఫోలో ఎమ్ సైజ్ (అక్షరాలు గీసే చదరం కొలత) చూడండి. తెలుగు ఫాంట్‌లో ఎంత ఉంటే ఇక్కడా అంతే ఉండాలి. మార్చేటప్పుడు స్కేల్ అవుట్‌లైన్స్ టిక్ చేయడం మరవద్దు. తర్వాత ఫైల్ మెనూలో జనరేట్ ఫాంట్స్‌కి వెళ్లి ట్రూటైప్‌గా (టీటీఎఫ్) సేవ్ చేయండి.

ఫాంట్‌ఫోర్జ్‌లోనూ మెర్జ్ ఫాంట్స్ ఉంది. కానీ ఒత్తుల నియమాలు అన్నేసి ఉన్న తెలుగు ఫాంట్‌ను అందులో తెరిచి మళ్లీ జనరేట్ చేయడం నాకు ఇష్టం ఉండదు. కమాండ్లతో నడిచే పైథాన్ ఫాంట్‌టూల్స్ వాడతాను. ముందు సబ్‌సెట్ కమాండ్‌తో హీబ్రూ బ్లాక్ మాత్రం ఉంచి, అంకెలూ ఇంగ్లిషూ తీసేస్తాను. తర్వాత మెర్జ్ కమాండ్‌లో తెలుగు ఫైల్ ముందు, హీబ్రూ ఫైల్ వెనక ఇస్తాను.

పరీక్షకు షాలోమ్ అన్న మాటను అచ్చు గుర్తులతో సహా హీబ్రూలో కొట్టండి. మొదటి అక్షరం షిన్. దాని చుక్క కుడి కొమ్ము మీద ఉండాలి, ఎడమకి జరిగితే అది సిన్ అయిపోతుంది. కింద ‘ఆ’ గుర్తు అక్షరానికి సరిగ్గా నడుమన కూర్చోవాలి. చివరి మేమ్ నాలుగు వైపులా మూసుకున్న రూపంలో రావాలి. గుర్తులు పక్కకి జారాయంటే మార్క్ పొజిషనింగ్ (గుర్తు ఎక్కడ కూర్చోవాలో చెప్పే సమాచారం) పోయినట్టే. సబ్‌సెట్ దగ్గర్నుంచి మళ్లీ చేయండి. తెలుగుకి స్త్రీ, రాష్ట్రం, క్ష్మాపతి కొట్టి చూడండి.

కలిపిన ఫాంట్ రెండింటిలో ఎక్కువ ఉన్న ఎత్తునే తీసుకుంటుంది కాబట్టి లైన్ల మధ్య ఎడం పెరుగుతుంది. పేరా సెట్టింగ్‌లో లైన్ స్పేసింగ్‌ను ఫిక్స్‌డ్‌గా పాయింట్లలో ఇచ్చేయండి.