వానలకు ముందు పాత మారుతి 800 టైర్లు: కొనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

మృగశిర కార్తెలో తొలకరి పడే నాటికే మన ఉత్తరాంధ్రలో కారు టైర్ల సంగతి తేల్చుకోవడం మంచిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు పడతాయి, అవి వెనక్కి మళ్లే వేళకు తుపాన్ల కాలం మొదలవుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరాన్ని తాకాయి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి చుట్టాలు కార్లలో బయలుదేరేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800ను ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవారికి ఈ జాగ్రత్తలు మరీ అవసరం, ఎందుకంటే ఆ కారు టైర్లు అరిగి పాడవడం కన్నా నిలిచి ఉండి పాడవడమే ఎక్కువ.

ఇది నేను అనుభవం మీద తెలుసుకున్నాను. మా నాన్నగారి 800ను నెలకు రెండు మూడు సార్లకు మించి బయటికి తీయము. ఒక ఆగస్టు సాయంత్రం వానలో నాతవలస నుంచి విజయనగరం వస్తుండగా గేదెలు అడ్డం వచ్చి బ్రేకు వేశాను. వెనుక చక్రాలు పక్కకు జారి, కారు సగం తిరిగి రోడ్డు అంచున ఆగింది. వెనుక సీటులో అమ్మ ఉంది. ఎవరికీ దెబ్బ తగలలేదు కానీ ఆ భయం ఇప్పటికీ పోలేదు. మర్నాడు చూస్తే టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి, పక్కగోడల మీద మాత్రం వెంట్రుకవాసి పగుళ్లు కనిపించాయి. తయారైన తేదీ చూస్తే తొమ్మిదేళ్లు దాటింది. ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడిపోతే గాడి ఎంత లోతుగా ఉన్నా తడి రోడ్డును అది పట్టుకోలేదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాలన్నది చట్టం చెప్పే మాట, గాడుల మధ్య చిన్న గట్లు దానికి గుర్తుగా ఉంటాయి. కానీ అరుదుగా తిరిగే కారుకు ఆ ఒక్క కొలత చాలదు.

అందువల్ల దుకాణంలో ధర అడిగే ముందు తేదీ చూడాలి. పక్కగోడ మీద పొడవాటి అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. చాలా టైర్లకు ఈ అంకెలు ఒక వైపే ఉంటాయి కాబట్టి, బిగించి ఉన్నవాటికి లోపలి వైపు టార్చిలైటు వేసి చూడవలసి రావచ్చు. ఈ కారు సైజుకు ఇప్పుడు గిరాకీ తక్కువ గనుక ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సరుకును కొత్తదని ఇచ్చే ప్రమాదం ఉంది. నలుపు పాలిష్ పూసి మెరిపించిన టైరునైతే మరింత అనుమానంగా చూడాలి. ఏడాది లోపు తయారైనది దొరికేదాకా ఆగడం, లేదా ముందే చెప్పి తెప్పించుకోవడం ఉత్తమమని నా అభిప్రాయం. అరిగినదాని మీద కొత్త రబ్బరు అతికించిన రీట్రెడ్ టైర్లనూ, వేరే కారు నుంచి తీసిన పాత టైర్లనూ ఎంత చవకైనా వద్దనే చెబుతాను. ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి.

సైజు విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. 800కు వచ్చే టైరు 145/70 ఆర్12: 145 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ అంటే రేడియల్ రకం, 12 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. అది దొరకనప్పుడు ఆల్టోకు వేసే 145/80 ఆర్12 వేయించుకోమని దుకాణదారులు సలహా ఇస్తారు. రిమ్ము ఒకటే కాబట్టి బిగుస్తుంది కూడా. అయితే లెక్క కట్టి చూస్తే మొదటిదాని వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు, రెండోదానిది 537. అంటే దాదాపు ఆరు శాతం తేడా. మీటరు అరవై చూపుతున్నప్పుడు కారు నిజానికి అరవై మూడు దాటి పోతూ ఉంటుంది. చక్రం పెద్దదైన మేరకు లాగే బలం తగ్గుతుంది గనుక, సాలూరు దాటి కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కేటప్పుడు 796 సీసీ ఇంజను పడే అవస్థ డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకోవచ్చు. టాటా నానో వెనుక చక్రపు 155/65 ఆర్12 వ్యాసంలో దాదాపు సరిపోతుంది, కానీ వెడల్పు పది మిల్లీమీటర్లు ఎక్కువ. వెడల్పు టైరు వానలో బాగా పట్టుకుంటుందనుకోవడం పొరపాటు; నిలిచిన నీటిని సన్నటి టైరే తేలికగా కోసుకుపోతుంది. కాబట్టి అసలు సైజే వెతకండి. సైజు పక్కనే ఉండే బరువు సూచిక 69 అంటే ఒక్కో టైరు 325 కిలోలు మోయగలదు, అంతకన్నా తక్కువ ఉన్నది తీసుకోకూడదు.

పాత రిమ్ములలో ట్యూబు టైర్ల కోసం చేసినవి ఉంటాయి. ట్యూబులెస్ రిమ్ముకు లోపల టైరు అంచు జారిపోకుండా చిన్న ఉబ్బు ఉంటుంది. అది లేని రిమ్ముకు ట్యూబు వేయించుకోవాలి, అదీ అదే సైజు రేడియల్ ట్యూబు. పాత ట్యూబును కొత్త టైరులో పెట్టనివ్వవద్దు. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరం వెంబడి ఊళ్లలో ఉప్పు గాలికి రిమ్ము అంచు తుప్పు పట్టి, గాలి కొద్దికొద్దిగా దిగిపోతుంది. టైరు విప్పిన పూటే తుప్పును వైరు బ్రష్షుతో గీకించి, రంగు వేయించాలి. వంకర పోయిన రిమ్మును సుత్తితో సరిచేస్తామంటే ఒప్పుకోకండి.

డబ్బు చాలక రెండే కొంటే, వాటిని వెనక్కి వేయించాలి. ఇంజను బలం ముందు చక్రాలకు వెళ్తుంది కదా, కొత్తవి ముందుండాలి గదా అని చాలామంది అడుగుతారు. ముందు చక్రాలు జారితే కాలు తీసి కారును సర్దుకోవచ్చు. వెనుకవి జారితే కారే తిరిగిపోతుంది, నాకు జరిగింది అదే. ఒకే ఇరుసు మీద రెండు రకాల టైర్లు, రెండు వయసుల టైర్లు ఉండకూడదు.

బిగించాక బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించి, మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉండి తడిలో జారుతుంది. కారు చల్లగా ఉన్న పొద్దుటి పూట, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన కొలతకు గాలి పట్టించాలి. చివరగా డిక్కీ తెరిచి స్టెప్నీ తేదీ కూడా చదవండి, పదేళ్లు దాటి ఉంటే దానితో నాలుగు మైళ్లు పోవడం కూడా క్షేమం కాదు. జాకీ, పానా ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోవాలి.