చలికాలంలో బోటు ట్రిమ్‌కి ఏ ఆయిల్, ఎలా పోయాలి?

ట్రిమ్ అంటే బోటు వెనకున్న ఇంజనుని ఆయిల్ ఒత్తిడితో పైకి లేపి దించే పరికరం. ధనుర్మాసం వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "పొద్దున్నే ఇంజను లేవట్లేదన్నా, మూలిగి సగంలో ఆగిపోతోంది. పదింటికి ఎండెక్కాక బాగానే లేస్తోంది." వెళ్లి ట్రిమ్ ఆయిల్ పోసే మూత, అదే ఫిల్లర్ ప్లగ్గు, తీస్తే లోపల ఎవరో ఇంట్లో మిగిలిన 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోసి ఉంటారు.

విజయవాడలో చలేమిటి అంటారు గానీ, పున్నమి ఘాట్ దగ్గర మంచులో బోటు తీసేవాళ్లకి తెలుసు. డబ్బా మీద ఐఎస్ఓ వీజీ 68 అంటే, 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 68 సెంటీస్టోకులని. 20 డిగ్రీలకి దిగితే అదే ఆయిల్ దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. ట్రిమ్ పంపు అరచేతిలో పట్టేంత ఉంటుంది, దాని దారులు సన్నం. అంత చిక్కటి ఆయిల్‌ని అది లాగలేదు.

అందుకే ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరు బళ్లలో పోసే ఆయిల్), డెక్స్రాన్ రకం. యమహా, సుజుకీ, హోండా ఔట్‌బోర్డులకి (బోటు వెనక బయట తగిలించే ఇంజన్లకి) మాన్యువల్ చెప్పేది కూడా ఇదే. మెర్క్యురీ తన సొంత ట్రిమ్ ఫ్లూయిడ్ అడుగుతుంది, దానికి అదే పోయండి. ఏటీఎఫ్ చలికి అంతగా చిక్కబడదు, మన మే నెల ఎండకి నీళ్లలా పలచబడిపోదు. ఎర్రగా ఉంటుంది కాబట్టి సీలు కారినా తెల్ల గుడ్డతో తుడిస్తే పట్టేయొచ్చు. వేసవికి చిక్కటిది, చలికి పలచటిది అని ఏటా రెండుసార్లు మార్చేవాళ్లున్నారు. అది తప్పు. మూత తీసిన ప్రతిసారీ కృష్ణ ఇసుక లోపలికి పోయే అవకాశం ఇచ్చినట్టే. బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క కూడా వద్దు, సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఆయిల్‌ని తిట్టేముందు బ్యాటరీ చూడండి. చలికి అదీ నీరసపడుతుంది. టెర్మినళ్లు గీకి, ఫుల్ ఛార్జ్ పెట్టి, అప్పటికీ మూలిగితేనే ఈ పని.

కావాల్సినవి: లీటరు ఏటీఎఫ్, ప్లగ్గు గాడికి సరిగ్గా పట్టే వెడల్పు స్క్రూడ్రైవర్, పెద్ద సిరంజి, ప్లగ్గుకి కొత్త ఓ-రింగు (రబ్బరు వలయం), శుభ్రమైన గుడ్డ. ఆటోనగర్‌లో గంటలో అన్నీ దొరుకుతాయి.

ఇప్పుడు మూత తీయడం. అందరూ ఇక్కడే చెడగొడతారు.

ఔట్‌బోర్డయితే ఇంజనుని పూర్తిగా పైకి లేపండి. లేపాక, ఇంజను కిందికి దిగకుండా ఆపే టిల్ట్ లాక్ లివర్ వేయండి. వేశాననుకోవడం కాదు, చేత్తో కదిపి చూడండి. 60 హార్స్‌పవర్ ఇంజను వంద కిలోల పైనే ఉంటుంది, మీ చేతులు సరిగ్గా దాని కిందే ఉంటాయి. ఒకసారి మా కుర్రాడు లివర్ వేయకుండానే పక్కనున్న మాన్యువల్ రిలీజ్ స్క్రూని (ఒత్తిడి వదిలి ఇంజనుని చేత్తో దించేది) ఫిల్లర్ ప్లగ్గనుకుని తిప్పేశాడు. ఇంజను ఒక్కసారిగా దిగిపోయింది. అప్పుడే స్పానర్ కోసం చెయ్యి వెనక్కి తీశాడు కాబట్టి వేళ్లు దక్కాయి. ఏది ఏ స్క్రూయో మాన్యువల్ బొమ్మలో చూసుకున్నాకే ముట్టుకోండి.

దించి ఉండగా ఎందుకు తీయకూడదంటే, అప్పుడు ఇంజనుని ఎత్తే రాడ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఆయిల్ ట్యాంకులోకి తిరిగొస్తుంది, పైనున్న గాలి నొక్కుకుపోతుంది. ప్లగ్గు వదులు చేయగానే ఆయిల్ మొహాన చిమ్ముతుంది. చిమ్మకపోయినా మట్టం నిండుగా కనిపించి మోసం చేస్తుంది. దాన్ని నమ్మి మూసేస్తే, పైకి లేచినప్పుడు పంపు గాలి పీలుస్తుంది. లేపి ఉన్నా సరే, ప్లగ్గు చుట్టూ ఇసుక తుడిచి, పావు తిప్పు తిప్పి ఆగండి. బుసమనే చప్పుడు ఆగాకే మొత్తం తీయండి. స్టెర్న్‌డ్రైవ్‌కి (ఇంజను బోటులోపల, ఫ్యాన్ ఉండే కాలు బయట ఉండే రకం) లెక్క వేరు, డ్రైవ్ పూర్తిగా దించి బోటులోపలి ట్యాంకు గీతలు చూడాలి.

తీశాక కొంచెం ఆయిల్ సిరంజితో లాగి గాజు గ్లాసులో పోయండి. నురగైతే కాసేపటికి తేటబడుతుంది, అది గాలి. గంటైనా పాలు కలిపిన టీ రంగులోనే ఉంటే నీళ్లు కలిశాయి. అప్పుడు పైన పోస్తే లాభం లేదు. సీలు మార్చి, మొత్తం ఖాళీ చేసి కొత్తది పోయాలి. లోపల 68 ఉన్నా ఖాళీ చేయాల్సిందే, కలపొద్దు.

మిగతాది తేలిక. రంధ్రం కింది అంచు దాకా పోయండి, ఓ-రింగు మార్చి ప్లగ్గు బిగించండి, లివర్ తీసి నాలుగైదు సార్లు పూర్తిగా దించి లేపండి. ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ లేపి, మళ్లీ లాక్ వేసి మట్టం చూడండి. గాలి పోయిన చోట కాస్త తగ్గి ఉంటుంది, పోసి మూయండి. మర్నాడు తెల్లవారుజామున, ఎండ రాకముందే, ఒకసారి లేపి చూసుకోండి.