రోజువారీ ఇంగ్లీషు – 9వ పాఠం: పెట్టడం వేరు, ఉంచడం వేరు

పోయిన పాఠంలో 'పుట్' చూశాం. ఈసారి 'కీప్'. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెండింటి మధ్యే.

"పుస్తకం బల్ల మీద పెట్టు" అనడానికి చాలామంది "కీప్ ద బుక్ ఆన్ ద టేబుల్" అంటారు. మన దేశంలో ఇది చెల్లిపోతుంది. హిందీలో 'రఖ్నా' కూడా రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఉత్తరాదివాళ్లూ ఇలాగే మాట్లాడతారు. అదే మాట లండన్‌లోనో డాలస్‌లోనో అంటే, పుస్తకాన్ని అక్కడి నుంచి తియ్యొద్దంటున్నారని అనుకోవచ్చు. పెట్టడం ఒక్క క్షణంలో అయిపోయే పని, అది 'పుట్'. పెట్టింది అక్కడే ఉండాలంటే 'కీప్'.

"వేర్ డిడ్ యు పుట్ ద షుగర్?" అంటే చక్కెర ఎక్కడ పెట్టావు అని. "వేర్ డు యు కీప్ ద షుగర్?" అంటే మీ ఇంట్లో మామూలుగా చక్కెర ఎక్కడ ఉంటుంది అని. చుట్టాలింటికి వెళ్లి వంటింట్లో సాయం చేస్తుంటే అడగాల్సింది రెండోదే.

ఇంకోటి. "ఫోన్ పెట్టేస్తాను" అనడానికి "ఐ విల్ కీప్ ద ఫోన్" అనకండి. ఫోన్ నేనే ఉంచేసుకుంటాను అన్నట్టు ఉంటుంది! "ఐ విల్ హ్యాంగ్ అప్" అంటే సరిపోతుంది. ఉంచేసుకోవడానికి మాత్రం 'కీప్' సరైన మాటే: ఆటో దిగి "కీప్ ద ఛేంజ్" అంటే చిల్లర మీరే ఉంచుకోండి అని.

భూతకాలంలో 'కెప్ట్'. 'కీప్డ్' అనే మాట లేదు.

ఇక 'కీప్' తర్వాత 'ఇంగ్' వస్తే మన "-తూనే ఉండు" అచ్చంగా సరిపోతుంది. "కీప్ వాకింగ్" అంటే ఆగకుండా నడుస్తూనే ఉండు. "హి కీప్స్ కాలింగ్ మి" అంటే మాటిమాటికీ ఫోన్ చేస్తూనే ఉంటాడు. "కీప్ టు కాల్" అనకూడదు. "కీప్స్ కాలింగ్" లాంటి వాడుకలో కాస్త విసుగు కూడా వినిపిస్తుంది. "యు కీప్ ఫర్గెటింగ్" అని ఇంట్లో తమ్ముణ్ణి అనొచ్చు, మేనేజర్‌ని అంటే టెన్షన్ మీకే. ఎవరినైనా కాసేపు నిలబెట్టాల్సి వచ్చినప్పుడు "సారీ టు కీప్ యు వెయిటింగ్" అనండి. ఇది మాత్రం బట్టీ పట్టేయండి, ఆఫీసులో రోజూ పనికొస్తుంది.

ఉన్న స్థితి మారకూడదన్నా ఇదే: "కీప్ ద డోర్ ఓపెన్", "కీప్ క్వైట్", లారీల వెనక రాసే "కీప్ డిస్టెన్స్". మాట నిలబెట్టుకోవడం, రహస్యం దాచడం, డైరీ రాయడం, వీటికీ 'కీప్' వాడతారు. పాలు నిలవ ఉండవు అనడానికి "ద మిల్క్ వోంట్ కీప్" అంటారు.

ఈ నాలుగూ ఇంగ్లీషులో చెప్పి చూడండి: తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టు. కిటికీలు మూసే ఉంచు. వాడు అదే ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. ఈ కూర రేపటిదాకా ఉండదు. ఒకదానికి 'కీప్' పనికిరాదు, ఏదో మీరే పట్టుకోండి. జవాబులు 10వ పాఠంలో, 'కీప్ అప్', 'కీప్ ఆఫ్'లతో పాటు.